జడభరతుడి జింక, మా ఇంటి కుందేలు

 

గురువారం వీడియోలో జడభరతుడి కథ చెప్పుకున్నాం కదా. చివర్లో నేను ఒక మాట అని ముగించేశాను. "జింకపిల్ల మీద మమకారం పెంచుకున్నందుకు అంతటి మహానుభావుడే జింకై పుట్టాల్సి వచ్చింది, ఇక మనమెంత?" అని. వీడియో చూసి ఒకావిడ ఫోన్ చేశారు. "గురువుగారూ, మా ఇంట్లో ముసలి కుక్క ఉందండీ. లేవలేదు. అన్నీ పడుకున్న చోటే. నేనే శుభ్రం చేస్తున్నాను. మీరు చెప్పింది విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. నాదీ భరతుడి తప్పేనాండీ?" అని అడిగారు. నేను ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. ఎందుకంటే ఆవిడ అడిగిన ప్రశ్న తొమ్మిది నెలలుగా మా ఇంట్లోనే, నా కాళ్ళ దగ్గరే, ఒక మెత్తటి గుడ్డ మీద పడుకుని ఉంది.

ఇరవై నిమిషాల వీడియోలో చెప్పగలిగేది కాదిది. అందుకే రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, అది చివర్లో చెప్తాను. కెమెరా ముందు ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు.

ముందుగా ఒక మనవి. నన్ను గురువుగారూ అనకండి. ముప్పై నాలుగేళ్ళు ఆబిడ్స్ జీపీఓలో ఉత్తరాలు ఏరి, సంచులు కట్టి రిటైరైన మనిషిని. చిన్నప్పుడు మా నాన్నగారు చదివి వినిపించిన భాగవత భారతాలు తప్ప నాకు వేరే పాండిత్యం లేదు. మా అల్లుడు ఫోన్ స్టాండుకి పెట్టి రికార్డు చేస్తాడు, మీరు దయతో వింటున్నారు. అంతే.

మేముండేది చిరాగ్ అలీ లేన్‌లో ఒక పాత బిల్డింగు రెండో అంతస్తు. లిఫ్టు లేదు. రాత్రి రద్దీ తగ్గాక కిటికీ తీస్తే నాంపల్లి స్టేషన్ అనౌన్స్‌మెంట్లు వినిపిస్తాయి. మూడేళ్ళ కిందట మనవరాలు గోల చేస్తే అల్లుడు చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్ నుంచి ఒక తెల్ల కుందేలుపిల్లను అట్టపెట్టెలో పెట్టుకుని తెచ్చాడు. చంద్రుడికి శశాంకుడని పేరెందుకొచ్చిందో ఆ రాత్రే పిల్లకు చెప్పాను. శశం అంటే కుందేలు, ఆ గుర్తు ఒళ్ళో ఉన్నవాడు శశాంకుడు. జాతక కథల్లో అతిథికి పెట్టడానికి ఏమీ లేక తన ఒంటినే నిప్పులో వేసుకోబోయిన కుందేలు కథ కూడా చెప్పాను. దాంతో దీనికి చందు అని పేరు పెట్టింది. మా ఆవిడ మొదట్లో "ఈ వయసులో మనకిది అవసరమాండీ" అంది కానీ, వారం తిరక్కుండానే కొత్తిమీర కాడలు దానికోసం విడిగా దాచడం మొదలుపెట్టింది.

పోయిన వినాయక చవితి నాడు జరిగింది. పూజ రికార్డు చేసి మధ్యాహ్నానికి పెట్టాలని తొందర. మోజంజాహీ మార్కెట్ వైపు వెళ్ళి పత్రి, పూలు, గరిక అన్నీ తెచ్చి పీట పక్కన పళ్ళెంలో పెట్టాను. ఫోన్ స్టాండు మీద ఉంది, రికార్డింగు నడుస్తోంది. నేను కలశానికి నీళ్ళు తేవడానికి లేచి వచ్చేసరికి చందు పళ్ళెంలో మూతి పెట్టి గరిక నములుతోంది. స్వామికి తెచ్చిన గరిక. నా ఒళ్ళు మండిపోయింది. వెనక నుంచి వెళ్ళి ముందుకాళ్ళ కింద పట్టుకుని ఒక్క ఊపున పైకి లేపాను. అది గాల్లో వెనకకాళ్ళతో గట్టిగా తన్నుకుంది. నా చేతిలోంచి జారలేదు, కింద పడలేదు. తన్నుకుంది, అంతే. కింద దింపితే వెనక భాగం నేల మీద ఈడ్చుకుంటూ మంచం కిందికి పోయింది.

కుందేలు ఎముకలు ఎంత తేలికో నాకప్పుడు తెలియదు. దాని బరువులో అస్థిపంజరం వాటా దాదాపు 8 శాతమేనట. పిల్లికి 13 దాకా ఉంటుంది. కానీ వెనకకాళ్ళ కండలు మాత్రం చాలా బలమైనవి. ఆ కాళ్ళకు ఆనిక లేకుండా గాల్లో వదిలేస్తే, అది తన్నుకునే తన్నుకి దాని నడుమే విరుగుతుంది. అందుకే కుందేల్ని ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద ఉండాలి, దాన్ని మన ఒంటికి ఆనించుకోవాలి. మీ ఇళ్ళల్లో పిల్లలు చెవులు పట్టుకుని ఎత్తుతుంటే ఈ క్షణమే ఆపించండి. ఇంకేం చదవకపోయినా ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

ఇంట్లో అందరికీ నేనేం చెప్పానో తెలుసా? "పత్రిలో ఉమ్మెత్త ఉంది, జిల్లేడు ఉంది, గన్నేరు ఉంది. అవి తింటే చస్తుంది కదా, కాపాడదామని గబుక్కున ఎత్తాను" అన్నాను. అందులో అబద్ధం లేదు, ఆ ఆకులు నిజంగానే విషం. కానీ ఎత్తే క్షణంలో నా మనసులో ఉమ్మెత్త లేదు. పూజ పాడైందన్న కోపం ఒక్కటే ఉంది.

ఆ సాయంత్రం దగ్గర్లోని ఒక క్లినిక్‌కి వెళితే కుందేళ్ళను చూడమన్నారు. మర్నాడు ఆటోలో బొగ్గులకుంట, కింగ్ కోఠి మీదుగా నారాయణగూడ వైపు ఉన్న ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఎక్స్‌రే తీశారు. నడుము దగ్గర వెన్నుపూస జరిగింది. వేలిని గట్టిగా నొక్కి చూసి, "స్పర్శ పూర్తిగా పోలేదు, నరం మొత్తం తెగలేదు. చిన్నచోట ఉంచి కదలకుండా ఆరు వారాలు చూద్దాం. లేస్తుందని మాత్రం చెప్పలేను. ఇంట్లో చెయ్యగలిగినవాళ్ళు ఉన్నారా?" అన్నారు. ఉన్నారని నేనే అన్నాను. చాలా గట్టిగా అన్నాను.

చెయ్యడమంటే ఏమిటో ఆ తర్వాత తెలిసింది. కదలలేని కుందేలుకు మొదటి శత్రువు తన మూత్రమే. అడుగున తడి ఉంటే చర్మం ఎర్రబడి, బొచ్చు ఊడి, పుండవుతుంది. మా ఇంట్లో నేలంతా షాబాద్ బండ. చల్లగా ఉంటుందని పడుకోబెడితే ఒరుసుకుపోయి మడమలు పుళ్ళు పడ్డాయి. మంచం పట్టిన మనుషులకు వేసే అండర్‌ప్యాడ్లు మెడికల్ షాపులో తెచ్చి కింద పరిచి, పైన ఫ్లీసు గుడ్డ వేస్తే తడి కిందికి దిగి పైన పొడిగా ఉంటుందని డాక్టరమ్మ చెప్పారు. మా బిల్డింగు కింద దర్జీ దుకాణం ఉంది, అక్కడ చాచా అని అందరం పిలిచే పెద్దాయన ఉన్నాడు. పాత దుప్పట్లు కత్తిరించి ఆరు పరుపులు, ఒరగకుండా రెండు పక్కలా పెట్టే దిండ్లు కుట్టిచ్చాడు. డబ్బివ్వబోతే "బేజుబాన్ జాన్‌వర్ కా కామ్ హై పోస్ట్‌మాస్టర్ సాబ్" అని చెయ్యి అడ్డం పెట్టాడు. నేను పోస్ట్‌మాస్టర్ని ఎప్పుడూ కాలేదు, ఆయనకు చెప్పినా వినడు.

మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి. అందుకని రాత్రి రెండింటికి అలారం. మూత్రాశయం దానంతటది ఖాళీ కాకపోతే మెల్లగా నొక్కి ఖాళీ చేయించాలి. అది డాక్టరు చేతిలో చెయ్యి పెట్టి నేర్చుకోవాల్సిందే, చదివి చేసేది కాదు. వెనక భాగం గోరువెచ్చని తడిగుడ్డతో తుడిచి బాగా ఆరబెట్టాలి. మొత్తం స్నానం మాత్రం చేయించకూడదు, బెదిరిపోతుంది, చలిపడుతుంది. రోజుకు రెండుసార్లు తోక కింద బొచ్చు విడదీసి చూడాలి. తడి, మురికి ఉన్నచోట ఈగ వాలి గుడ్లు పెట్టిందంటే ఒక్కరోజులోనే పురుగులు పడతాయి, ముఖ్యంగా వానాకాలంలో.

ఇంకొకటి చెప్పాలి, వింటే కొందరికి రోత కలగొచ్చు. కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. గట్టివి మనకు కనిపించేవి. మెత్తగా గుత్తిగా వచ్చేవి మాత్రం అది ఎప్పటికప్పుడు వంగి నోటితో అందుకుని తినేస్తుంది. దానికి కావలసిన విటమిన్లు, మాంసకృత్తులు కొంతవరకు అందులోంచే వస్తాయి. నడుము విరిగిన కుందేలు వంగలేదు. కాబట్టి ఆ మెత్తటి పెంటికలను మనమే తీసి దాని నోటి ముందు పెట్టాలి. శుచీ అశుచీ అని నిమిషానికోసారి చెయ్యి కడుక్కునే నేను తెల్లవారుజామున, సంధ్యావందనానికి ముందు, ఆ పని చేశాను. మొదటిరోజు వాంతి వచ్చినంత పనైంది. వారం తర్వాత అది నా వేళ్ళ మీంచే తినడం నేర్చుకుంది.

తిండి మానేసిందంటే కుందేలుకు అది అత్యవసరమే. దాని పేగు ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి. పది పన్నెండు గంటలు ఏమీ తినకపోతే, పెంటికలు ఆగిపోతే, రేపు చూద్దాం అనుకోకూడదు. రోజూ తినేదాంట్లో ఎక్కువ భాగం ఎండుగడ్డి, గరిక ఉండాలి. గుళ్ళ ముందు ఆవులకు పెట్టడానికి అమ్మే లూసర్న్ కట్టలు చవక అని కొన్నాళ్ళు అవే తెచ్చాను. అందులో కాల్షియం ఎక్కువ, పెద్ద కుందేలుకు మూత్రం సున్నపునీళ్ళలా చిక్కబడుతుంది, కదలని దానికైతే మరీ కష్టం అని చెప్పాక మానేశాను. ఇప్పుడు గరికే. ఏ గరిక కోసం దాన్ని ఎత్తానో ఆ గరికనే రోజూ కడిగి, నీడలో ఆరబెట్టి, నేనే పెడుతున్నాను. మందుల విషయంలో కూడా ఒక హెచ్చరిక. పుండు కనపడగానే మన డబ్బాలో ఉన్న అమాక్సిసిలిన్ ఇద్దామని నేను చూశాను. మా ఆవిడ డాక్టరుకి ఫోన్ చెయ్యమంది, బతికించింది. ఆ మందు నోటిద్వారా ఇస్తే కుందేలు పేగులో ఉండే మంచి సూక్ష్మజీవులు చచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

సరే, అసలు విషయానికి వస్తాను. ఇదంతా దయా, మమకారమా?

మొదటి రెండు వారాలు నేను భరతుడి కథను ఎలా వాడుకున్నానో చెప్తే మీరు నవ్వుతారు. రాత్రి రెండింటికి లేవలేక, "ఇలాంటి బంధాలే కదా మనిషిని ముంచేవి, భరతుడంతటివాడు మునిగిపోలేదా" అనుకునేవాణ్ణి. తప్పించుకోవడానికి పురాణం కంటే మంచి దారి లేదు. మళ్ళీ పంచమ స్కంధం తీసి చదివాను. తెలుగు భాగవతం మొత్తం పోతనగారిదే అనుకుంటాం గానీ ఈ స్కంధం గంగన చేశారు. చదువుతుంటే ఒకటి తోచింది. గండకీ నది ఒడ్డున సింహం గర్జనకు బెదిరి దూకిన లేడి కడుపులోంచి పిల్ల నీళ్ళలో పడింది, తల్లి పోయింది. భరతుడు ఆ పిల్లను తీసి ఆశ్రమానికి తెచ్చాడు. ఆ తియ్యడాన్ని కథ తప్పు పట్టలేదు. పెరిగి, గంతులేసి, తనంతట తను మేసి రాగల జింక కాసేపు కనపడకపోతే తల్లడిల్లిపోయాడు చూడండి, అక్కడ మొదలైంది చిక్కు. అప్పటికి జింకకు భరతుడితో పెద్ద పని లేదు, భరతుడికే జింకతో పని.

ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, మూడో జన్మలో అదే భరతుడు రహూగణ మహారాజు పల్లకీ మోస్తాడు. పల్లకీ కుదుపులు వస్తోంది. ఎందుకు? కిందున్న చీమా దోమా కాలికింద పడకుండా చూసుకుంటూ అడుగులేస్తున్నాడు కాబట్టి. రాజు తిట్టినా ఆ నడక మారలేదు. జింక జన్మ అనుభవించి వచ్చినవాడు ప్రాణుల మీద దయ వదిలెయ్యలేదు. నేను వీడియోలో రెండో జన్మ దాకా చెప్పి ఊరుకున్నాను. ఫోన్ చేసిన అమ్మకు నేను బాకీ పడ్డది ఈ మూడో జన్మ కథ. అమ్మా, మీ కుక్క లేవలేదు, దానికి మీతో పని ఉంది. నాకు తోచినంతలో మీది భరతుడి తప్పు కాదు. పండితులు కాదంటే సరిచేసుకుంటాను.

ఇంతటితో అయిపోతే బాగుండేది.

ఐదో వారంలో చందు ఒక సాయంత్రం గరిక ముట్టలేదు. పళ్ళు పటపట కొరుకుతూ ఒంటిని ముడుచుకుని కూచుంది. కుందేలు నొప్పిని దాచుకునే జంతువు. అడవిలో నొప్పి బయటపెడితే వేటాడేవాడి కళ్ళలో పడుతుంది కదా. అది పళ్ళు కొరికిందంటే భరించలేని నొప్పి అన్నమాట. నేను సిరంజితో నానబెట్టిన పెల్లెట్ల గుజ్జు పోస్తున్నాను, అది మొహం తిప్పేసుకుంటోంది, నేను మళ్ళీ పోస్తున్నాను. మా ఆవిడ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ, ఒకటి అడుగుతాను, కోప్పడకండి. ఇది దానికోసం చేస్తున్నారా, మీ కోసమా?"

"అదేం మాట?"

"మీరు చేసింది మీరు కడుక్కోవాలి కాబట్టి అది బతకాలి. అది పోతే మీ పాపం మీ దగ్గరే ఉండిపోతుందని భయం. మీ ప్రాయశ్చిత్తానికి దాని ఒళ్ళు వాడుకుంటున్నారేమో చూసుకోండి. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని వాదించేవాళ్ళని చూశాం. దీనికి పనిచేసేవి రెండే, మీకదైనా కనపడుతోందా?"

నలభై ఏళ్ళ కాపురంలో నన్ను అంత నేరుగా ఆవిడ ఎప్పుడూ అనలేదు. నేనేమీ అనలేదు. ఆటో పిలుచుకొచ్చాను. డాక్టరమ్మ నొప్పి మందు, నీళ్ళ ఇంజక్షన్ ఇచ్చారు. తెల్లారేసరికి నాలుగు పెంటికలు వేసింది. ఆ నాలుగు పెంటికలు చూసి నేను ఏడ్చాను, దాచడం దేనికి.

కానీ ఆవిడ ప్రశ్న పోలేదు. సేవ అని మనం పిలిచేదాంట్లో ఎంత వాటా ఎదుటి ప్రాణికి, ఎంత మన మనశ్శాంతికి? అవతలివాడు మనిషైతే "చాలు నాన్నా" అనగలడు. ఇది అనలేదు. మొహం తిప్పుకోగలదు, అంతే. ఆ తిప్పుకోవడాన్ని నేను చూడదలుచుకోలేదు.

గాంధీగారి దూడ సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ జబ్బుపడి, పక్కకు తిప్పినా నొప్పితో విలవిల్లాడేది. వైద్యుడు ఆశ వదులుకున్నాడు. గాంధీగారు ఆశ్రమంలోవాళ్ళతో మాట్లాడి, డాక్టరుతో ఇంజక్షన్ ఇప్పించి దాని బాధ ముగించారు. అహింసే పరమధర్మం అని చెప్పిన మనిషి గోవుదూడను చంపించాడని దేశంలో ఎంతోమంది మండిపడ్డారు, కోపంగా ఉత్తరాలు రాశారు. ఆయన దాచుకోలేదు, తన పత్రికలో తనే రాసి, అది అహింసేనని వాదించారు. నాకు ఈ విషయంలో ఆయనతో పూర్తిగా ఏకీభవించే ధైర్యం ఇప్పటికీ లేదు. మా పై అంతస్తులోని జైన పెద్దావిడైతే ఆ పేరెత్తితేనే చెవులు మూసుకుంటుంది. "ఉస్‌కా కరమ్ హై, భోగ్‌నే దో" అంటుంది, ప్రేమతోనే అంటుంది. రోజూ దానికి వినిపించేలా నవకార మంత్రం చదివి వెళ్తుంది.

దాని కర్మ దాన్ని అనుభవించనివ్వాలి, మధ్యలో తుంచితే మళ్ళీ పుట్టి అనుభవించాలి. ఈ మాట నేను కూడా వీడియోల్లో చెప్పినవాణ్ణే. సిద్ధాంతంగా కాదనను. కానీ నడుము విరిచిన చెయ్యి నాదై ఉండగా, "దాని కర్మ" అని నా నోటితో నేనెలా అనను? ఇతరుల బాధ గురించి మాట్లాడేటప్పుడు ఆ మాట ఎంత సులువుగా వస్తుందో, మన చేతివేళ్ళు చూసుకుంటూ అనబోతే అంత గొంతుకు అడ్డం పడుతుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో కూడా, ఒక జంతువు ఎవరి సంరక్షణలో ఉంటే వాళ్ళు దానికి అనవసరమైన బాధ కలగకుండా చూడాలని మూడో సెక్షన్ చెప్తుంది. అనవసరమైన బాధ. ఏది అవసరమో, ఏది కాదో మాత్రం చట్టం మన ఇంటికొచ్చి చెప్పదు.

చివరికి మేమొక ఒప్పందానికి వచ్చాం. వంటింట్లో క్యాలెండర్ వెనకాల రాసి పెట్టుకున్నాం. అది తనంతట తను తింటోందా. ముందుకాళ్ళతో మొహం తుడుచుకుంటోందా. మనవరాలి గొంతు వింటే చెవులు లేపుతోందా. మందు ఇచ్చినా పళ్ళు కొరుకుతోందా. రోజూ రాత్రి మా ఆవిడ టిక్కులు పెడుతుంది. వంటింటి తూకం మీద వారానికోసారి బరువు చూస్తాం. టిక్కులు వరసగా తప్పుతుంటే డాక్టరమ్మ, మా ఆవిడ, అమ్మాయి ముగ్గురూ కలిసి ఏం చెయ్యాలో నిర్ణయిస్తారు. నాకు అందులో ఓటు లేదు. నేనే వద్దన్నాను. తప్పు చేసినవాడు తన కేసులో తానే జడ్జిగా కూచోకూడదు కదా. నేను బతికించమనే అంటాను, ఎప్పటికీ. ఆ మాటకు విలువ లేదు.

ఆరు వారాల తర్వాత ఎడమ కాలు కొంచెం తోస్తోంది. గెంతదు. ముందుకాళ్ళతో గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు జరుగుతుంది. జనవరిలో నుమాయిష్ మైకులకు బెదరకుండా లోపలిగదిలో పెట్టాం. ఇప్పుడు ఎండలు. కుందేలుకు చెమట పట్టదు, వేడిని ఎక్కువగా చెవుల్లోంచే బయటికి పంపుకోవాలి. సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి, పక్కన పెడితే దానికి ఒరిగి పడుకుంటుంది. చెవులు తడిచేత్తో తుడుస్తాం.

ఒకాయన, మన ఛానల్‌కు కొత్త కాదు, స్టేషన్ రోడ్డులో కలిసి నిష్ఠూరంగా అన్నారు, "యూసుఫైన్ దర్గా దగ్గర, స్టేషన్ ముందర ఎంతమంది మనుషులు కాళ్ళు లేక పడున్నారు, కుందేలుకి ఇంత ఖర్చా?" అని. సమాధానం లేదు నా దగ్గర. చందుకి ఖర్చుపెట్టని రోజుల్లో ఆ డబ్బు నేను వాళ్ళకిచ్చానా అంటే ఇవ్వలేదు. ముప్పై నాలుగేళ్ళు ఆ దారినే డ్యూటీకి నడిచాను. చక్రాల పలక మీద చేతులతో తోసుకుంటూ వచ్చే మనిషిని చూసి, ఈయనకు నేల ఒరుసుకుని పుళ్ళు పడుతుంటాయేమో, రాత్రి పక్క ఎవరు మారుస్తారో అని నాకు తోచింది ఈ ఏడాదే. అది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఒకరోజు చాచాతో ఇంకో పరుపు కుట్టించి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన తీసుకున్నాడు, ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు మొదట్లో చివరికి చెప్తానన్నది.

చవితి రోజున అందరూ "ఎలా జరిగింది, ఎలా జరిగింది" అంటున్నప్పుడు మనవరాలు మూల నిలబడి ఏడుస్తోంది. పొద్దున గడ్డి వేసి బోను తలుపు గడియ పెట్టడం మరిచిపోయింది. "తాతా, నేను గడియ పెట్టలేదు" అంది. నేను, పక్కనే ఉన్నవాణ్ణి, "చూశావామ్మా, అందుకే చెప్పింది చేసేటప్పుడు జాగ్రత్త" అన్నాను. అంతే అన్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల మీద ఆ బరువు పెట్టి, నేను ఉమ్మెత్త కథతో బయటపడ్డాను. ఆ రాత్రి ఫోనులో రికార్డయింది చూసుకున్నాను. నా మొహం, నా నోట్లోంచి వచ్చిన తిట్టు, నేను దాన్ని లేపిన తీరు అన్నీ ఉన్నాయి. డిలీట్ చేశాను. మర్నాడు కొత్తగా పూజ చేసి రికార్డు చేసిన వీడియోనే మీరందరూ చూసింది, బాగుందన్నది.

తొమ్మిది నెలలు ఆ పిల్ల బడి నుంచి రాగానే సంచి విసిరేసి చందు పరుపు మారుస్తోంది. ఆడుకోవడానికి కిందికి పోదు. మంచి పిల్ల అని అందరూ మెచ్చుకుంటుంటే నేనూ తలూపేవాణ్ణి. భరతుడి తప్పా అని ఫోనులో ఆ అమ్మ అడిగాక గానీ నాకు తెలివి రాలేదు. కుందేలు పక్క మార్చడానికి రాత్రి రెండింటికి లేస్తున్నాను, పిల్ల మీద పెట్టిన బరువు మాత్రం దించలేదు.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇద్దరం చందు పక్కన కూచుని అట్టముక్కలతో విసురుతున్నాం. చెప్పేశాను. గడియ వల్ల కాదని, కోపంతో నేనే తప్పుగా ఎత్తానని, వీడియో తీసేశానని, అందరి ముందూ నిన్ను అన్నది తప్పని చెప్పాను.

అది విసరడం ఆపలేదు. "నాకు తెలుసు తాతా. నేను తలుపు దగ్గరే ఉన్నాను, చూశాను" అంది.

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు చెప్తావని."

చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత అది చందు కింద తడిసిందేమో చెయ్యి పెట్టి చూసింది. "పట్టుకో, ప్యాడ్ మారుస్తా" అంది. నేను వంగి ఎత్తబోతుంటే నా మణికట్టు పట్టుకుని ఆపి, "అలా కాదు, ఈ చెయ్యి కింద పెట్టు. కాళ్ళు నీ పొట్టకు ఆనాలి" అని నా రెండో అరచేతిని చందు పిరుదుల కిందికి జరిపింది.